గెలిచినవారు మళ్లీ పోటీకి ఎందుకు వెళ్తారు? అంతర్జాతీయ సంగీత పోటీలు, యువ వాద్యకారుల భవిష్యత్తు

క్లుప్తంగా: వార్సా, బ్రస్సెల్స్, ఫోర్ట్‌వర్త్, లీడ్స్ నగరాల్లో జరిగే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోటీలు విజేతకు ఇచ్చే వాటిలో నగదు చిన్న భాగం. మూడు నాలుగేళ్ల పాటు నిండుగా ఉండే కచేరీల పట్టికే అసలు బహుమతి. ఆ గడువును కళాకారుడు ఎలా వాడుకున్నాడన్నదాన్ని బట్టి తర్వాతి జీవితం ఉంటుంది. మొదటి స్థానం రాకపోయినా నిలదొక్కుకున్నవారు ఎందరో ఉన్నారు. కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో పిల్లలకు కీబోర్డు నేర్పిస్తున్న తల్లిదండ్రుల ఫోన్లకు వచ్చే ‘ఇంటర్నేషనల్’ పోటీల ప్రకటనలు చాలావరకు వేరే జాతికి చెందినవి.

2025 అక్టోబరులో వార్సాలో ముగిసిన పోలండ్ స్వరకర్త షోపాన్ పేరిట జరిగే 19వ అంతర్జాతీయ పియానో పోటీలో అమెరికా వాద్యకారుడు ఎరిక్ లూ మొదటి బహుమతి గెలుచుకున్నారు. అప్పటికి ఆయన వయసు 27. ఇదే పోటీలో 2015లో, పదిహేడేళ్ల వయసులో, నాలుగో స్థానం పొందారు. 2018లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ పోటీలో మొదటి బహుమతి అందుకున్నారు. ఆ తర్వాత పేరున్న రికార్డింగ్ సంస్థ ఆయన ఆల్బములు విడుదల చేసింది, పెద్ద ఆర్కెస్ట్రాలతో (పదుల మంది వాద్యకారులుండే బృందాలతో) కచేరీలూ జరిగాయి. బయటివారి కంటికి ఆయన స్థిరపడిన కళాకారుడే. అలాంటి వ్యక్తి మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, తనకంటే పదేళ్లు చిన్నవారి పక్కన కూర్చుని, దాదాపు మూడు వారాల పాటు మార్కుల కోసం వాయించారు. ఆయన సొంత కారణాలు ఏవైనా కావచ్చు. ఇలా తిరిగి వచ్చిన విజేత మాత్రం ఆయన ఒక్కరే కాదు. టెక్సాస్‌లోని వాన్ క్లైబర్న్ పోటీని 1989లో పందొమ్మిదేళ్లకే గెలిచిన అలెక్సీ సుల్తానోవ్, ఆరేళ్ల తర్వాత వార్సాలో మళ్లీ పోటీదారుగా కనిపించారు. ఒకసారి గెలవడం సరిపోకపోవడానికి కారణం తెలియాలంటే, ఆ గెలుపు దేనికి పనికొస్తుందో ముందు చూడాలి.

బహుమతి దేన్ని కొంటుంది

వార్సా పోటీలో 2025 మొదటి బహుమతి 60,000 యూరోలు, మన లెక్కలో సుమారు 60 లక్షల రూపాయలు. క్లైబర్న్ పోటీలో అది లక్ష డాలర్లు. మొత్తం పెద్దదే. అయితే ఐదారేళ్ల వయసు నుంచి ఇరవై ఏళ్ల పాటు గురువులకు, వాద్యానికి, ప్రయాణాలకు కుటుంబం పెట్టిన ఖర్చు ముందు ఆ డబ్బు అంత పెద్దగా కనిపించదు. దాంతోపాటు వచ్చే ఒప్పందాల్లోనే అసలు విలువ ఉంది. క్లైబర్న్ సంస్థ తన విజేతల కచేరీల నిర్వహణను మూడేళ్ల పాటు తానే చూసుకుంటుంది. వార్సా విజేతకు పోటీ ముగిసిన వారాల్లోనే ఐరోపా, ఆసియా పర్యటనలు మొదలవుతాయి. క్రిస్టియన్ జిమెర్మాన్, యుండీ లీ, రఫావ్ బ్లెహాచ్, సాంగ్‌జిన్ చో వంటి వార్సా విజేతలు ప్రఖ్యాత జర్మన్ సంస్థ డాయిష్ గ్రామోఫోన్‌కు రికార్డులు చేశారు.

ఈ ఏర్పాటు వెనుక మార్కెట్ తర్కం ఒకటి ఉంది. పెద్ద ఆర్కెస్ట్రాలు తమ కచేరీలను రెండు మూడేళ్ల ముందే ఖరారు చేసుకుంటాయి. పియానో సోలోకు ఏడాదిలో దొరికే తేదీలు కొన్నే. ప్రపంచవ్యాప్తంగా సంగీత కళాశాలల నుంచి ఏటా బయటికి వచ్చే సమర్థులైన వాద్యకారులు మాత్రం వేలల్లో ఉంటారు. వారందరినీ కూర్చుని వినే తీరిక ఏ నిర్వాహకుడికీ ఉండదు. పోటీ ఆ పనిని ఆయన తరఫున చేసి పెడుతుంది. ఫలానా ఇరవైమంది నిపుణులు విన్నారు, కఠినమైన కార్యక్రమాన్ని ఈ కుర్రవాడు వరుసగా నాలుగు దఫాలు తడబడకుండా వాయించాడు, ఫైనల్లో ఆర్కెస్ట్రాతో నిలబడ్డాడు అన్న హామీ దొరుకుతుంది. టికెట్ కొనే ప్రేక్షకుడికి కూడా ‘షోపాన్ పోటీ విజేత’ అన్న రెండు మూడు మాటలు చాలు.

ఇది తెలుగునాట ప్రవేశ పరీక్ష ర్యాంకుకు దగ్గరి వ్యవహారం. ర్యాంకు వచ్చిన ఏడాది కోచింగ్ సెంటర్ ముందు ఫ్లెక్సీ కడతారు, మరుసటి ఏడాది అదే చోట కొత్త ముఖాలు వస్తాయి. ర్యాంకు సీటు ఇప్పిస్తుంది. సీటు వచ్చాక దాని గురించి అడిగేవారు ఉండరు. 1957లో జెనీవాలో ఏర్పడిన ప్రపంచ సంగీత పోటీల సమాఖ్యలో ఇప్పుడు వందకు పైగా పోటీలకు సభ్యత్వం ఉంది. ఒక్కొక్కటీ రెండు నుంచి ఐదేళ్లకు ఒకసారి జరిగినా, ఏటా పదుల సంఖ్యలో కొత్త విజేతలు వస్తూనే ఉంటారు. కాబట్టి ఒక పోటీ ఇచ్చిన వెలుగు తర్వాతి పోటీ ముగిసేదాకే నిలుస్తుంది. ఎరిక్ లూ ఏడేళ్లకు మళ్లీ వరుసలో నిలబడటం ఈ లెక్కలో చూస్తే వింతగా అనిపించదు.

వడపోత ఎలా జరుగుతుంది

వార్సా పోటీ 1927లో మొదలైంది. ఐదేళ్లకు ఒకసారి జరుగుతుంది, మొదటి నుంచి చివరిదాకా షోపాన్ రచనలే వాయించాలి. 2025 పోటీకి 600కు పైగా దరఖాస్తులు వచ్చాయి. వీడియో చూసి చేసిన మొదటి ఎంపికలోనే అందులో పెద్ద భాగం ఇంటికి పోయింది. తర్వాత ప్రాథమిక దశ, ఆపై మూడు రౌండ్లు, చివర ఆర్కెస్ట్రాతో ఫైనల్. ఫైనల్ చేరినవారు పదకొండు మంది.

బ్రస్సెల్స్ పద్ధతి వేరు. 1937లో బెల్జియం వయొలిన్ విద్వాంసుడు ఇజాయీ పేరుతో మొదలై 1951 నుంచి క్వీన్ ఎలిజబెత్ పోటీగా నడుస్తున్న ఈ వేదికపై వయొలిన్, పియానో, సెల్లో, గాత్రం వంతులవారీగా వస్తాయి. వాద్య విభాగాల్లో ఫైనల్ చేరిన పన్నెండు మందిని ఒక వారం పాటు నగర శివారులోని సంగీత భవనంలో ఉంచుతారు. ఫోన్లు తీసేసుకుంటారు. అంతవరకు ఎవరూ వినని కొత్త రచన ఒకటి చేతిలో పెడతారు. గురువు సాయం లేకుండా వారంలో దాన్ని సిద్ధం చేసి ఆర్కెస్ట్రాతో వాయించాలి. విద్యార్థిలో గురువు నేర్పినది ఎంత, సొంతంగా ఆలోచించగలిగినది ఎంత అని విడదీసి చూసే పరీక్షల్లో ఇంతకంటే నిజాయితీ గలది దొరకడం కష్టం.

టేపు పట్టలేని దూరం

నంద్యాల, కడప పల్లెల్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు పెడతారు. పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆరుపళ్లు అని ఎద్దుల వయసును బట్టి విభాగాలు చేస్తారు. నిర్ణీత సమయంలో జత ఎంత దూరం లాగిందో టేపు పెట్టి అడుగుల్లో, అంగుళాల్లో ప్రకటిస్తారు. గిత్తల సొంతదారు ఎవరన్నది టేపుకు పట్టదు. సంగీత పోటీలో వయోపరిమితి ఉంటుంది, సమయం ఉంటుంది, విభాగాలుంటాయి, దూరాన్ని కొలిచే టేపు మాత్రం ఉండదు. న్యాయనిర్ణేతల చెవులే కొలబద్ద. ఆ చెవుల మీదే వివాదాలన్నీ వస్తాయి.

అందులో అందరికీ తెలిసినది 1980 నాటిది. యుగోస్లావియాకు చెందిన ఇవో పొగొరెలిచ్ వార్సాలో ఫైనల్‌కు ముందే వెనుదిరగాల్సి వచ్చింది. ఆయన వాయించిన తీరు సంప్రదాయానికి విరుద్ధమని న్యాయనిర్ణేతల్లో ఒక వర్గం భావించింది. 1965 విజేత మార్తా ఆర్గెరిచ్ అప్పుడు న్యాయనిర్ణేతగా ఉన్నారు. ఆ నిర్ణయానికి నిరసనగా ఆమె తప్పుకున్నారు. 2015లో నిర్వాహకులు మార్కులను బయటపెట్టినప్పుడు ఇంకో వింత తెలిసింది. మొదటి బహుమతి గెలిచిన సాంగ్‌జిన్ చోకు ఫైనల్లో ఎక్కువమంది పదికి తొమ్మిది వేస్తే, ఒక న్యాయనిర్ణేత ఒకే ఒక మార్కు వేశారు. ఒకే రోజు, ఒకే హాలు, ఒకే వాయింపు. విన్నవారిద్దరూ జీవితాంతం పియానోతోనే గడిపినవారు. సగటుకు మరీ దూరంగా పోయిన మార్కులను సవరించే పద్ధతులు ఇలాంటి అనుభవాల నుంచే వచ్చాయి.

గురుశిష్య సంబంధం రెండో చిక్కు. లీడ్స్ పోటీ 1963లో మొదలైనప్పుడు తొలి విజేత మైకెల్ రోల్. పోటీని స్థాపించిన ఫానీ వాటర్‌మన్‌కు ఆయన శిష్యుడు. 2021 వార్సా విజేత బ్రూస్ లియుకు గురువైన దాంగ్ థాయ్ సన్ ఆ ఏడాది న్యాయనిర్ణేతల్లో ఒకరు. ఇప్పటి నిబంధనల ప్రకారం న్యాయనిర్ణేత తన శిష్యుడికి మార్కులు వేయకూడదు. దాంతో నేరుగా జరిగే పక్షపాతం ఆగుతుంది. అయితే ఈ రంగంలో మేటి గురువులు కొద్దిమందే, వారే అన్ని పోటీల్లోనూ కూర్చుంటారు, మేటి విద్యార్థులు వెతుక్కుంటూ వచ్చేదీ వారి దగ్గరికే. ఈ ముడిని ఏ నిబంధనా పూర్తిగా విప్పలేదు.

ఎవరి తప్పూ లేకుండా జరిగే పొరపాట్లు మూడో రకం. ఇవి మరింత ఆసక్తికరమైనవి. క్వీన్ ఎలిజబెత్ పోటీ ఫలితాలను బెల్జియం ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి పరిశీలించారు. ఎవరు ఏ రోజు వాయించాలో అక్కడ చీటీలతో తేలుతుంది, అంటే దానికీ ప్రతిభకూ సంబంధం లేదు. అయినా ముందు రోజుల్లో వాయించినవారికి సగటున తక్కువ స్థానాలు, ఆలస్యంగా వాయించినవారికి మెరుగైన స్థానాలు వచ్చాయి. కొత్త రచన న్యాయనిర్ణేతలకు కూడా మొదటి రోజు కొత్తదే. నాలుగో రోజుకు అది చెవికి అలవాటవుతుంది అన్నది ఒక వివరణ. విక్టర్ గిన్స్‌బర్గ్, యాన్ వాన్ అవర్స్ 2003లో దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకెళ్లారు. చీటీ వల్ల మెరుగైన స్థానం దక్కినవారికి కూడా తర్వాతి కాలంలో రికార్డులు, గుర్తింపు ఎక్కువగా వచ్చినట్టు తేల్చారు. దీన్నిబట్టి, ర్యాంకు ప్రతిభను సూచించడంతో ఆగడం లేదు, భవిష్యత్తును స్వయంగా తయారు చేస్తోంది. 2013లో చియాజంగ్ సాయ్ ప్రచురించిన ప్రయోగాలు ఇంకా ఇబ్బంది పెట్టేవి. పోటీల ఫైనల్ దృశ్యాలను శబ్దం లేకుండా చూసినవారు, శబ్దం మాత్రమే విన్నవారి కంటే మెరుగ్గా విజేతను ఊహించగలిగారు. వృత్తి సంగీతకారుల విషయంలోనూ అదే జరిగింది.

1990లో, 1995లో వార్సా న్యాయనిర్ణేతలు మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు. అభ్యర్థులకు అది అన్యాయంగా తోచవచ్చు. సంస్థ కోణం నుంచి అది తన ముద్ర విలువను కాపాడుకునే పని. ఎవరికో ఒకరికి ఇచ్చి తీరాలన్న ఒత్తిడికి లొంగితే, రాబోయే విజేతల చేతిలోని ఒప్పందాల విలువ కూడా పడిపోతుంది.

తలుపు తెరుచుకున్నాక

1958లో మాస్కోలో రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ పేరిట తొలి పోటీ జరిగింది. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ గడ్డ మీద ఇరవై మూడేళ్ల టెక్సాస్ యువకుడు వాన్ క్లైబర్న్ గెలిచారు. న్యూయార్క్ వీధుల్లో ఆయనకు ఊరేగింపు జరిగింది, ఆయన వాయించిన చైకోవ్‌స్కీ కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక వాద్యం వాయించే రచన) రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది. నాలుగేళ్లకు ఆయన పేరు మీదే ఫోర్ట్‌వర్త్‌లో పోటీ మొదలైంది. ఇంత కీర్తి ఒక్కసారి మీద పడటంతో వచ్చిన ఇబ్బంది ఏమిటంటే, ఎక్కడికి పిలిచినా అదే కన్సర్టో అడిగారు. కొత్త రచనలు నేర్చుకుని విస్తరించే తీరిక, అవకాశం తగ్గాయి. 1978 నాటికి ఆయన కచేరీ వేదిక నుంచి తప్పుకున్నారు. మళ్లీ కనిపించడానికి చాలా ఏళ్లు పట్టింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి మౌరిజియో పోలీనిది. 1960లో పద్దెనిమిదేళ్ల వయసులో వార్సాలో గెలిచిన ఈ ఇటలీ వాద్యకారుడు, తన ముందుకొచ్చిన కచేరీల వరదను చాలావరకు పక్కనబెట్టి, కొన్నేళ్లు చదువుకు, సాధనకు కేటాయించారు. తిరిగి వచ్చాక దాదాపు అర్ధశతాబ్దం పాటు ఆయన స్థానం చెక్కుచెదరలేదు. అప్పటి మార్కెట్ ఒక యువకుడిని కొన్నేళ్లు ఆగనిచ్చింది. ఇప్పుడు ఆ వెసులుబాటు తక్కువ. పోటీతో వచ్చే ఒప్పందంలోనే తేదీలు నిండి ఉంటాయి, వాటిని కాదంటే ఆ చోటు తర్వాతి విజేతకు పోతుంది.

గెలిచిన మరుసటి ఏడాది నుంచి వాద్యకారుడి దినచర్యే మారిపోతుంది. పోటీ కోసం రెండేళ్లు మెరుగులు దిద్దిన మూడు నాలుగు గంటల కార్యక్రమంతో ఏడాదికి పదుల కచేరీలు చేయాలి, ఈలోగా కొత్త కార్యక్రమం తయారు కావాలి. పోటీ కోరే గుణాలు, కచేరీ జీవితం కోరే గుణాలు ఇక్కడ విడిపోతాయి. పోటీలో తప్పు లేకుండా వాయించడం, ఎవరికీ మరీ అభ్యంతరం కలిగించకపోవడం లాభిస్తాయి. ఇరవైమంది సగటు మార్కు అలాంటి వాయింపుకే దక్కుతుంది. ప్రేక్షకుడు పదేళ్ల పాటు మళ్లీ మళ్లీ వచ్చి వినడానికి మాత్రం ఆ వాద్యకారుడికి సొంత గొంతు ఉండాలి. నలుగురికి నచ్చి నలుగురికి నచ్చకపోయినా పర్వాలేదు.

రెండో స్థానం, నాలుగో స్థానం, ఏ స్థానమూ లేనివారు

అందుకే ఓడినవారి జాబితా ఇంత ఘనంగా ఉంటుంది. మిత్సుకో ఉచిదా 1970లో వార్సాలో రెండో స్థానం, 1975లో లీడ్స్‌లో మళ్లీ రెండో స్థానం. ఆ లీడ్స్‌లోనే ఆండ్రాష్ షిఫ్‌కు దక్కింది మూడో స్థానం. ఆల్‌ఫ్రెడ్ బ్రెండెల్ 1949లో ఇటలీలోని బుసోనీ పోటీలో నాలుగోవారు. ఈ ముగ్గురూ తమ తరానికి ప్రమాణంగా నిలిచినవారే. పొగొరెలిచ్‌కైతే 1980లో విజేతతో సమానంగా, ఒక దశలో అంతకంటే ఎక్కువగా ప్రచారం వచ్చింది. 2015 చైకోవ్‌స్కీ పోటీలో నాలుగో స్థానం పొందిన ఫ్రెంచి వాద్యకారుడు లుకా డెబార్గ్‌కు మాస్కో విమర్శకుల పురస్కారం, పెద్ద రికార్డింగ్ ఒప్పందం దక్కాయి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. ఓడి నిలిచినవారి పేర్లు చరిత్రకు గుర్తుంటాయి. ఓడి కనుమరుగైనవారి పేర్లను ఎవరూ రాసి పెట్టలేదు. పోటీలో స్థానం ముఖ్యం కాదని ఈ ఉదాహరణలు రుజువు చేయవు. ఫైనల్ దాకా వెళ్లి వినిపించుకోవడమే సగం బహుమతి అన్నంతవరకే అవి చెబుతాయి.

ఆ వినిపించుకోవడం ఇప్పుడు హాలుకు పరిమితం కాలేదు. 2022లో క్లైబర్న్ పోటీని పద్దెనిమిదేళ్ల యున్‌చాన్ లిమ్ గెలిచారు, ఆ పోటీ చరిత్రలో అతి పిన్న విజేత. ఫైనల్లో ఆయన వాయించిన రష్యా స్వరకర్త రహ్మానినోవ్ మూడో కన్సర్టో వీడియోను యూట్యూబ్‌లో కోటి సార్లకు పైగా చూశారు. ఏజెంట్లు, విమర్శకులు రాసేదానికి ముందే ప్రేక్షకులు తమ తీర్పు చెప్పేశారు. రౌండ్లన్నీ ప్రత్యక్ష ప్రసారం అయ్యే ఈ కాలంలో మూడో రౌండులో ఆగిపోయినవారికి కూడా ఇంతకుముందు లేని శ్రోతలు దొరుకుతున్నారు.

ఆసియా ఎలా ముందుకొచ్చింది

1980లో పొగొరెలిచ్ గొడవలో మరుగున పడిన సంగతి, ఆ ఏడాది విజేత దాంగ్ థాయ్ సన్ వియత్నాం వాడు కావడం. వార్సాలో గెలిచిన తొలి ఆసియా వాద్యకారుడు ఆయనే. అమెరికా బాంబు దాడుల కాలంలో హనోయ్ సంగీత విద్యాలయాన్ని పల్లెకు తరలించారు, ఆయన చిన్ననాటి సాధన అక్కడే సాగింది. తల్లి పియానో విద్వాంసురాలు. తర్వాత మాస్కోలో ఉన్నత విద్య. పేదరికాన్ని జయించిన కథగా దీన్ని చెప్పుకోవడం తేలిక. కానీ ఆ కథ నిలబడింది ఇంట్లోని గురువు మీద, యుద్ధంలోనూ నడిచిన ప్రభుత్వ విద్యాలయం మీద, విదేశీ విద్యకు దొరికిన మద్దతు మీద.

దక్షిణ కొరియాలో ప్రభుత్వ పాత్ర మరో రూపంలో ఉంది. అక్కడి యువకులకు సైనిక సేవ తప్పనిసరి. ప్రభుత్వం గుర్తించిన అంతర్జాతీయ పోటీల్లో మొదటి, రెండో స్థానాలు పొందిన కళాకారులకు ఆ పూర్తికాల సేవ నుంచి మినహాయింపు దొరుకుతుంది. పద్దెనిమిది నెలల పాటు చేతివేళ్లకు సాధన లేకపోవడం పియానో వాద్యకారుడికి ఎంత నష్టమో ఊహించవచ్చు. కాబట్టి కొరియా కుర్రవాడికి పోటీ అంటే వృత్తిని కాపాడుకునే దారి కూడా. ఆ దేశం నుంచి పోటీదారులు వెల్లువలా రావడానికి పట్టుదల ఒక్కటే కారణమని చెప్పేవారు ఈ నిబంధనను మరిచిపోతుంటారు.

భారత్ నుంచి చెప్పుకోదగ్గ పాత ఉదాహరణ జుబిన్ మెహతా. 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల (ఆర్కెస్ట్రాను నడిపించేవారి) పోటీలో ఆయన గెలిచారు. దానితో అక్కడి ఆర్కెస్ట్రాలో ఏడాది పాటు సహాయ కండక్టర్ ఉద్యోగం దక్కింది. నగదు కాకుండా పనే బహుమతిగా ఇవ్వడం ఎంత తెలివైన ఏర్పాటో ఆయన తర్వాతి చరిత్రే చెబుతుంది. బొంబాయిలో సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపించిన తండ్రి ఆయనకు ఉన్నారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సీమ నుంచి చూస్తే

రాయలసీమ పల్లెల్లో ఆర్కెస్ట్రా అంటే జాతరలో, పెళ్లిలో సినిమా పాటలు పాడే బృందం. పాశ్చాత్య సంగీతం ఇక్కడికి ప్రధానంగా చర్చిల ద్వారా వచ్చింది. కడపలో లండన్ మిషనరీ సొసైటీ పని 1822లోనే మొదలైంది. ఈనాటికీ కర్నూలు, నంద్యాల, కడపల్లో కీబోర్డు మీద చేయి తిరిగిన యువకుల్లో చాలామంది ఆదివారం ఆరాధనల్లో వాయించి నేర్చుకున్నవారే. ఇటీవల ప్రైవేటు తరగతులు, లండన్ ట్రినిటీ కళాశాల గ్రేడు పరీక్షలు తోడయ్యాయి.

ఈ గ్రేడులకు, పైన చెప్పుకున్న పోటీలకు మధ్య దూరం చాలామంది అనుకునేదానికంటే ఎక్కువ. తరగతుల్లో పిల్లలు వాడే కీబోర్డుకు సాధారణంగా 61 మెట్లు ఉంటాయి, పియానోకు 88. మెట్టు బరువు, నొక్కే తీరు వేరు. అసలు పియానో కొన్నా కర్నూలు ఎండల్లో, పొడిగాలిలో దాని కొయ్య ఎండి కుంచించుకుపోతుంది, తీగల శ్రుతి జారుతుంది, శ్రుతి చేసే మనిషిని బయటి నగరం నుంచి పిలిపించాలి. ఎనిమిదో గ్రేడు దాటిన తర్వాత నేర్పే గురువు కోసం కర్నూలు వారు హైదరాబాద్ వైపు, అనంతపురం వారు బెంగళూరు వైపు, కడప వారు చెన్నై వైపు చూడాలి. ఒక్కొక్కటీ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. వార్సా పోటీకి దరఖాస్తు ఖర్చు ఈ లెక్కలో చివరి పంక్తి.

కర్ణాటక సంగీతంలో వృత్తి మెట్లు వేరే రకంగా ఉన్నాయి. ఆకాశవాణి ఆడిషన్లో బి, బి హై, ఎ, టాప్ గ్రేడులు వస్తాయి. అక్కడ ఒకరిని ఓడించి ఇంకొకరు గెలవరు. ప్రమాణం అందుకున్న వారందరికీ గ్రేడు దక్కుతుంది, అది చాలా ఏళ్లు నిలుస్తుంది. చెన్నై డిసెంబరు కచేరీల్లో మధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందు పాడటంతో మొదలుపెట్టి, ఏటేటా గంట గంటగా సాయంత్రం వైపు జరగాలి. అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో 1893లో పుట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మకు మద్రాసు సంగీత అకాడమీ ‘సంగీత కళానిధి’ బిరుదు 1974లో వచ్చింది, అప్పటికి ఆయన ఎనభై దాటారు. తాళ్లపాక పదాలకు ఆయన కూర్చిన స్వరాలను ఏ పోటీ వెలుగులోకి తేలేదు. పాశ్చాత్య పోటీ ఇరవై ఏళ్ల వయసులోనే తేల్చేయాలని చూసే లెక్కను కర్ణాటక పద్ధతి జీవితాంతం నానబెడుతుంది. తొందరపడి తేల్చడంలో ఒక అన్యాయం ఉంటే, నానబెట్టడంలో ఇంకొకటి ఉంది. డిసెంబరు మధ్యాహ్నాల నుంచి సాయంత్రాలకు చేరడానికి ఇంటి వెన్నుదన్ను, చెన్నైలో బస ఎవరికి ఉంటాయన్నది అడగాల్సిన ప్రశ్నే.

సర్టిఫికెట్ల అంగడి

తల్లిదండ్రుల అయోమయం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. వీడియో పంపితే చాలు, ‘ఇంటర్నేషనల్’ పోటీలో పాల్గొన్నట్టే అని చెప్పే ఆన్‌లైన్ పోటీలు ఇటీవల విపరీతంగా పెరిగాయి. ప్రవేశ రుసుము ఉంటుంది, వారాల్లో ఫలితం వస్తుంది, బంగారు అంచు ఉన్న సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా ఫోన్‌కు చేరుతుంది. ఒకే విభాగంలో మొదటి బహుమతులు పదుల మందికి వస్తుంటాయి. పాఠశాల వార్షికోత్సవంలో ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఫొటో దిగడంలో తప్పేమీ లేదు. దాన్ని వార్సా, బ్రస్సెల్స్ వరుసలో చేర్చడమే పొరపాటు.

రెండింటి తేడా డబ్బు పారే దిశలో తెలుస్తుంది. అసలైన పోటీకి ప్రతి అభ్యర్థీ ఒక ఖర్చు. హాలు, ఆర్కెస్ట్రా, న్యాయనిర్ణేతల ప్రయాణం, బస, ప్రసారం, ఇవన్నీ నిర్వాహకులు భరించాలి. వార్సా పోటీని నడిపేది పోలండ్ ప్రభుత్వ సంస్థ. బ్రస్సెల్స్‌కు రాజకుటుంబ ఆదరణ ఉంది. ఫోర్ట్‌వర్త్ ఒకప్పుడు పశువుల సంతకు పేరుపడ్డ ఊరు. అక్కడి కుటుంబాలు పోటీదారులను తమ ఇళ్లలో ఉంచుకుంటాయి, సాధన కోసం ఆ ఇళ్లకే పియానోలు చేరవేస్తారు. తిరునాళ్లలో బండలాగుడుకు వచ్చిన ఎద్దుల సొంతదార్లకు ఊరివాళ్లు బస, భోజనం చూసినట్టే ఇదీ. ఇలాంటి పోటీకి తక్కువమందిని తీసుకోవడమే లాభం. రుసుము మీద బతికే ఆన్‌లైన్ పోటీకి ప్రతి అభ్యర్థీ ఒక రాబడి. ఎవరినీ తిప్పి పంపకపోవడం, అందరికీ ఏదో ఒక బహుమతి ఇచ్చి వచ్చే ఏడాది మళ్లీ రప్పించడం దానికి లాభం. తిప్పి పంపే అధికారం లేని చోట ఎంపికకు విలువ ఎలా వస్తుంది?

కాబట్టి ప్రకటన చూసినప్పుడు వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. న్యాయనిర్ణేతల పేర్లు ముందే ప్రకటించారా, వారు నిజంగా కచేరీలు చేసేవారా? ఏదో ఒక దశలోనైనా వేదిక మీద, జనం ముందు వాయించాలా? గత విజేతలు ఇప్పుడు ఏం చేస్తున్నారు? గెలిచినవారికి కచేరీ గానీ, చదువు గానీ, ఒప్పందం గానీ దొరుకుతోందా? ప్రపంచ సమాఖ్య సభ్యత్వం మంచి సూచనే, అయితే అదొక్కటే కొలమానం కాదు. రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసిన తర్వాత 2022 ఏప్రిల్‌లో సమాఖ్య చైకోవ్‌స్కీ పోటీని బహిష్కరించింది; దాని కారణం రాజకీయం, వాయించే ప్రమాణం కాదు. టీవీ పోటీలది మరో లోకం. చెన్నై బాలుడు లిడియన్ నాదస్వరం 2019లో అమెరికా టీవీ కార్యక్రమంలో పది లక్షల డాలర్లు గెలిచినా అది పియానో పోటీ కాదు. అది అన్ని రకాల ప్రదర్శనలూ తలపడే వినోద కార్యక్రమం. ఆ కుర్రవాడి చేతివాటం నిజమైనదే.

పోటీ లేని దారులు

పెద్ద పోటీలు గెలవకుండా పైకొచ్చినవారూ ఉన్నారు. లాంగ్ లాంగ్ 1999లో షికాగో దగ్గర రవీనియా వేడుకలో, అనారోగ్యంతో రాలేకపోయిన పెద్ద వాద్యకారుడి బదులు వాయించి ప్రపంచానికి తెలిశారు. యూజా వాంగ్‌కు 2007లో బోస్టన్‌లో ఆర్గెరిచ్ స్థానంలో అలాంటి అవకాశమే వచ్చింది. 1961 నుంచి న్యూయార్క్‌లో నడుస్తున్న యంగ్ కాన్సర్ట్ ఆర్టిస్ట్స్ సంస్థ ర్యాంకులు లేకుండా ఆడిషన్లో ఎంపికైనవారికి కచేరీలు చూసి పెడుతుంది. అమెరికాలోని గిల్మోర్ పురస్కారానికైతే దరఖాస్తే ఉండదు. నాలుగేళ్లకు ఒకసారి, వాద్యకారులకు తెలియకుండా వారి కచేరీలను విని, మూడు లక్షల డాలర్ల పురస్కారం ప్రకటిస్తారు. ఈ దారుల్లో ఒత్తిడి తక్కువ. కానీ ఎవరో ఒకరు ముందే పేరు విని ఉండాలి. పెద్ద నగరంలో పెద్ద గురువు దగ్గర ఉన్నవారి పేరే వినబడుతుంది. ముక్కూ మొహం తెలియని ఊరి నుంచి వచ్చిన పిల్లవాడి దరఖాస్తును, వీడియోను తప్పనిసరిగా చూసేది ఇప్పటికీ పోటీ ఒక్కటే. దాని లోపాలన్నీ లెక్కపెట్టిన తర్వాత కూడా అది రద్దు కాకపోవడానికి ఇదొక పెద్ద కారణం.

తర్వాతి వార్సా పోటీ 2030లో జరగాల్సి ఉంది. 2025లో పాల్గొనడానికి కనీస వయసు 16. అదే కొనసాగితే, 2025లో ఆరో తరగతి చదివిన పిల్లలు అప్పటికి అర్హుల వయసుకు చేరతారు. ఆ వయసులో దరఖాస్తు పెట్టే కొరియా, చైనా, పోలండ్ పిల్లల చేతిలో ఇప్పటికే షోపాన్ ఎట్యూడ్‌లు (వేళ్ల నైపుణ్యాన్ని పరీక్షించే కఠిన రచనలు) కొన్ని ఉంటాయి, 88 మెట్ల పియానో మీద.